కాన్పుకు ముందు సిక్ లీవు పెడితే ప్రసూతి సెలవు, ఈఎస్ఐ డబ్బు పోకుండా చూసుకోవడం ఎలా

ఐదో నెలలోనో ఆరో నెలలోనో డాక్టరు బెడ్ రెస్ట్ రాసిచ్చారంటే ఆరోగ్యం తర్వాత పట్టుకునే దిగులు ఆఫీసు గురించే. ఇప్పటి నుంచే సెలవులో ఉంటే ప్రసూతి సెలవు తగ్గిపోతుందా? అసలు డబ్బు వస్తుందా? హెచ్ఆర్‌లో అడిగితే ఒకరు చెప్పిన మాట ఇంకొకరు చెప్పరు. నిజానికి చట్టంలో అంత భయపడాల్సిందేమీ లేదు. నష్టపోయేవాళ్లు ఎక్కువగా మూడు చోట్ల నష్టపోతున్నారు: రోజుల లెక్క చూసుకోకపోవడం, సర్టిఫికెట్‌లో ఉండాల్సిన మాట రాయించుకోకపోవడం, జబ్బు సెలవుకు బదులు తొందరపడి ప్రసూతి సెలవునే మొదలుపెట్టేయడం.

ముందుగా పే స్లిప్ తీయండి

ఈఎస్ఐ పేరుతో జీతంలో 0.75 శాతం కోత ఉంటే మీకు డబ్బు ఇచ్చేది ఈఎస్ఐ కార్పొరేషన్, అంటే కార్మిక రాజ్య బీమా సంస్థ. నెల జీతం 21,000 రూపాయలు దాటనివాళ్లు ఇందులోకి వస్తారు. మధ్యలో జీతం పెరిగి ఆ గీత దాటినా, అప్పుడు నడుస్తున్న ఆరు నెలల చందా కాలం ముగిసేదాకా ఈఎస్ఐలోనే ఉంటారు.

ఆ కోత లేకపోతే డబ్బు ఇవ్వాల్సింది మీ యజమానే. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలన్నిటికీ ఈ బాధ్యత ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయిగానీ 80 రోజుల షరతు, 26 వారాల సెలవు, జబ్బుకు అదనపు నెల అన్నీ అలాగే ఉన్నాయి. ఆఫీసుల్లో ఇంకా పాత నంబర్లే వాడుకలో ఉన్నాయి కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాం.

ఈ రెండు దారుల్లో అర్హత లెక్క పూర్తిగా వేరు. పక్క సీటు స్నేహితురాలికి వర్తించింది మీకూ వర్తిస్తుందని అనుకోకండి. ఆమెకు ఈఎస్ఐ ఉండి మీకు లేకపోతే ఆమె అనుభవం మీకు పనికిరాదు.

డెలివరీ తేదీ ఒక్కటే ఉండాలి

లెక్కలన్నీ డాక్టరు ఇచ్చే అంచనా డెలివరీ తేదీ మీదే నడుస్తాయి. చిక్కేమిటంటే, నెలసరి ప్రకారం ఒక తేదీ, స్కాన్ ప్రకారం మరో తేదీ, ఏడో నెల స్కాన్‌లో ఇంకో తేదీ వస్తాయి. ఆఫీసుకు ఒక కాగితం, ఈఎస్ఐకి మరో కాగితం వెళ్తే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ చూపించి, ఏ తేదీని ఖాయం చేస్తారో డాక్టరునే అడగండి. ఆ తర్వాత ప్రతి సర్టిఫికెట్‌లో అదే తేదీ రాయించుకోండి.

ఇక్కడి నుంచి ఉదాహరణ కోసం డెలివరీ తేదీ 2026 ఆగస్టు 20 అనుకుందాం.

ఈఎస్ఐ లేనివాళ్లకు: 80 రోజులు

అంచనా డెలివరీ తేదీకి ముందు 12 నెలల్లో, ఏ యజమాని నుంచి డబ్బు అడుగుతున్నారో ఆ యజమాని దగ్గరే, కనీసం 80 రోజులు నిజంగా పనిచేసి ఉండాలి. చట్టం ప్రకారం జీతంతో ఇచ్చే సెలవు దినాలు, యజమాని పని లేదని లేఆఫ్ ఇచ్చిన రోజులు కూడా ఆ 80లో కలుస్తాయి. జీతం కోతతో పెట్టిన సెలవు కలవదు. జీతంతో పెట్టుకున్న సిక్ లీవు, క్యాజువల్ లీవు గురించి చట్టంలో స్పష్టంగా లేదు కాబట్టి వాటిని నమ్ముకుని లెక్క వేయకపోవడమే మంచిది.

ఏడాదిగా అదే ఉద్యోగంలో ఉన్నవాళ్లు దీని గురించి ఆలోచించాల్సిన పనే లేదు. నాలుగు నెలలు మంచం మీదే ఉన్నా మిగిలిన ఎనిమిది నెలల్లో 80 రోజులు ఎప్పుడో దాటిపోతాయి. దెబ్బ తగిలేది కొత్తగా చేరినవాళ్లకు. పాత కంపెనీలో చేసిన రోజులు ఇక్కడ కలవవు.

ఒకరు 2026 మార్చి 2న చేరారనుకోండి, వారానికి ఆరు రోజుల పని. జూన్ 24 దాకా 115 రోజులు. 16 ఆదివారాలు తీసేస్తే 99. మధ్యలో నాలుగు వారాలు జీతం లేకుండా బెడ్ రెస్ట్‌లో ఉంటే 24 పోయి 75 మిగులుతాయి. జూన్ 25 నుంచి ప్రసూతి సెలవులోకి వెళ్తే ఐదు రోజులు తక్కువై 26 వారాల జీతమూ ప్రశ్నార్థకమవుతుంది. జూన్ 30 దాకా పనిచేస్తే సరిగ్గా 80. ఇలాంటి అంచులో ఉన్నవాళ్లు ఇంటి నుంచి పని అడగాలి. అది పనిచేసినట్టే లెక్క. కాకపోతే నోటిమాటగా కాదు, మెయిల్‌లో అనుమతి తీసుకుని, హాజరు రిజిస్టర్‌లో పని దినంగా పడేలా చూసుకోవాలి. డాక్టరు నిలబడొద్దన్నారా, అసలు పనే వద్దన్నారా అన్నది ఇక్కడ చాలా తేడా తెస్తుంది. పూర్తి విశ్రాంతి అంటే మాత్రం లెక్కను పక్కన పెట్టాల్సిందే. ఐదు రోజుల హాజరు కోసం బీపీ పెంచుకోకూడదు.

జీతం లేని సెలవు వల్ల ప్రసూతి డబ్బు తగ్గుతుందన్నది చాలామందికున్న మరో భయం. తగ్గకూడదు. సెలవులోకి వెళ్లే ముందు మూడు క్యాలెండర్ నెలల్లో పనిచేసిన రోజులకు వచ్చిన జీతం సగటునే రోజు రేటుగా తీసుకోవాలి. మూడు నెలల జీతాన్ని 90తో భాగించి, రాని రోజులను కూడా కలిపి రేటు తగ్గించే లెక్క తప్పు. సెలవు కాలంలోని ఆదివారాలకు కూడా ఆ రేటు చెల్లించాలని 1977లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఈఎస్ఐ ఉన్నవాళ్లకు: 70, 78

ఈఎస్ఐ ఏడాదిని రెండు చందా కాలాలుగా చూస్తుంది. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు కట్టిన చందాకు ఫలితం వచ్చే ఏడాది జనవరి 1 నుంచి జూన్ 30 మధ్య అందుతుంది. అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు కట్టినదానికి ఆ వెంటనే వచ్చే జూలై 1 నుంచి డిసెంబర్ 31 మధ్య. ఇలా ఫలితం అందే ఆరు నెలలను ప్రయోజన కాలం అంటారు.

ప్రసూతి ప్రయోజనానికి, కాన్పు పడే కాలానికి ముందున్న రెండు వరుస చందా కాలాల్లో కలిపి 70 రోజుల చందా ఉంటే చాలు. మన ఉదాహరణలో ఆగస్టు 20 అంటే జూలై–డిసెంబర్ కాలం. చూసేది 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా ఉన్న హాజరు. అంటే 2026 ఏప్రిల్ తర్వాత ఎన్ని రోజులు జబ్బు సెలవు పెట్టినా ఈ కాన్పు అర్హతకు ఏమీ కాదు. ఈ ఒక్క సంగతి తెలియక ఏడో నెలలో కూడా బస్సులో నిలబడి డ్యూటీకి వెళ్లేవాళ్లున్నారు. మధ్యలో ఉద్యోగం మారినా పర్వాలేదు. చందా మీ ఇన్సూరెన్స్ నంబరు మీద ఉంటుంది. కొత్త కంపెనీ పాత నంబరు అడగకుండా కొత్తది తీస్తేనే రోజులు రెండు ముక్కలై లెక్క చెడుతుంది. చేరిన రోజే పాత నంబరు చెప్పండి.

జబ్బు ప్రయోజనానికి షరతు కాస్త గట్టిది: ఒకే చందా కాలంలో 78 రోజులు. 2026 మేలో బెడ్ రెస్ట్ అయితే 2025 ఏప్రిల్–సెప్టెంబర్ హాజరు చూస్తారు. అదే బెడ్ రెస్ట్ జూలైలో వస్తే 2025 అక్టోబర్–2026 మార్చి చూస్తారు. 2025 సెప్టెంబర్‌లో చేరినవాళ్లకు మేలో రానిది జూలైలో రావచ్చు. వచ్చే మొత్తం సగటు రోజు జీతంలో 70 శాతం, వరుస రెండు ప్రయోజన కాలాల్లో కలిపి 91 రోజుల దాకా. ప్రతి విడతలో మొదటి రెండు రోజులకు ఇవ్వరు. అంతకుముందు విడత ముగిసి 15 రోజులు దాటకపోతే ఆ కోత ఉండదు.

ఈఎస్ఐలో మొదటిసారి చేరినవాళ్లకు చేరిన తొమ్మిది నెలల తర్వాతే ప్రయోజన కాలం మొదలవుతుంది. ఆలోపే కాన్పు అయితే డబ్బు రాదేమోనని వదిలేసుకుంటారు. వదలకండి. ఈఎస్ఐలో అర్హత వచ్చేదాకా యజమానే 80 రోజుల లెక్కన ప్రసూతి జీతం ఇవ్వాలి. పాత చట్టంలో ఇది 5ఎ సెక్షన్, కొత్త కోడ్‌లోనూ ఉంది. హెచ్ఆర్ ఈఎస్ఐ వైపు, ఈఎస్ఐ హెచ్ఆర్ వైపు చూపిస్తుంటే అడగాల్సింది ఈ సెక్షన్ పేరుతోనే, అదీ రాతపూర్వకంగా.

సర్టిఫికెట్‌లో ఒక్క వాక్యం

గర్భం, కాన్పు, నెలలు నిండకుండా పుట్టడం, గర్భస్రావం వీటి వల్ల వచ్చిన జబ్బుకు 26 వారాలకు అదనంగా మరో నెల దాకా పూర్తి జీతంతో సెలవు ఉంది. యజమాని దారిలో ఇది పాత చట్టం 10వ సెక్షన్. ఈఎస్ఐలోనూ ప్రసూతి రేటుతోనే ఇస్తారు. కాన్పు తర్వాతే వాడుకోవాలని చట్టం అనలేదు. "గర్భం వల్ల వచ్చిన జబ్బు" అన్నప్పుడు అది కాన్పుకు ముందు వచ్చేదే కదా.

డబ్బులో తేడా చూడండి. జీతం 18,000, రోజుకు 600 అనుకుంటే, 30 రోజుల బెడ్ రెస్ట్‌కు ఈ అదనపు నెల కింద 18,000 వస్తాయి. మామూలు జబ్బు ప్రయోజనం కింద రోజుకు 420 చొప్పున, మొదటి రెండు రోజులు పోగా 28 రోజులకు 11,760. రెండింటి మధ్య 6,240 రూపాయల తేడాకు కారణం తరచూ చీటీలో "నీరసం, విశ్రాంతి అవసరం" అని మాత్రమే ఉండటం.

చీటీలో ఉండాల్సినవి: ఆఫీసు రికార్డులో ఉన్నట్టే పేరు, ఎన్నో వారం గర్భం, అంచనా డెలివరీ తేదీ, జబ్బు పేరు (ఆగని వాంతులు, బీపీ, రక్తస్రావం, మాయ కిందికి ఉండటం, గర్భాశయ ద్వారానికి కుట్టు వేయడం, ఏదైతే అది), అది గర్భం వల్ల వచ్చిందన్న వాక్యం, విశ్రాంతి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, ముద్ర, రాసిన తేదీ. "కొన్ని వారాలు" అని రాస్తే ఆ చీటీ ఎందుకూ పనికిరాదు. జలుబు జ్వరానికి పెట్టిన సెలవును ఈ ఖాతాలో వేయించాలని చూడకండి. తర్వాత నిజమైన అవసరం వచ్చినప్పుడు మీ కాగితాన్ని అనుమానంగా చూస్తారు.

ఈఎస్ఐలో చీటీ ఇవ్వాల్సింది ఈఎస్ఐ డిస్పెన్సరీ లేదా ఆసుపత్రి డాక్టరు. ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకుంటున్నా మొదటి వారంలోనే డిస్పెన్సరీకి వెళ్లి ఆ రిపోర్టులు చూపించండి. అన్నీ అయ్యాక రెండు నెలల ప్రైవేటు చీటీలు ఒకేసారి పట్టుకెళ్తే వాటిని ప్రత్యామ్నాయ సాక్ష్యంగా ఒప్పించడానికి తిరగాల్సి వస్తుంది. మంచం దిగలేని స్థితిలో ఉంటే రిపోర్టులతో ఇంట్లోవాళ్లను పంపి ముందే విషయం తెలియజేయడం మేలు. జబ్బు క్లెయిమ్‌కు ఫారం 9, గర్భ ధ్రువీకరణకు 17, అంచనా కాన్పు ధ్రువీకరణకు 18, ప్రసూతి క్లెయిమ్‌కు 19. ప్రసూతి క్లెయిమ్‌ను ఈఎస్ఐ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ పెట్టవచ్చు. ముందే క్లెయిమ్ చేసినవాళ్లు కాన్పయిన 30 రోజుల్లో కాన్పు సర్టిఫికెట్ ఇవ్వాలి.

ఏ సెలవు ముందు వాడాలి

ఈఎస్ఐ ఉన్నవాళ్లకు రెండు మూడు రోజుల జబ్బుకైతే కంపెనీ ఇచ్చే జీతం సెలవే మేలు. ఈఎస్ఐకి వెళ్తే మొదటి రెండు రోజులూ పోతాయి. పైగా జీతంతో పెట్టిన సెలవు చందా రోజుగా లెక్కకొస్తుంది, ఈఎస్ఐ జబ్బు డబ్బు తీసుకున్న రోజు రాదు. వారాల తరబడి బెడ్ రెస్ట్ అయితే ఈఎస్ఐ వైపు వెళ్లి, కంపెనీ సెలవులను బిడ్డ పుట్టాక కోసం దాచుకోవడం తెలివైన పని. ఒకే రోజుకు కంపెనీ జీతమూ ఈఎస్ఐ జబ్బు డబ్బూ రెండూ తీసుకోవడం కుదరదు.

ఈఎస్ఐ లేనివాళ్లు ముందు సిక్ లీవు, క్యాజువల్ లీవు వాడాలి. తెలుగు రాష్ట్రాల దుకాణాలు, సంస్థల చట్టం కింద ఏడాదికి 12 రోజులు జబ్బుకో మరో తగిన కారణానికో జీతంతో ఇస్తారు. 240 రోజులు పనిచేసినవాళ్లకు ఇంకో 15 రోజులు. అవి అయ్యాక, జీతం కోతలోకి దిగే ముందు 10వ సెక్షన్ నెల అడగండి. ఆ నెల ఒక్కటే ఉంది కాబట్టి కవలలో, నెలలు నిండకుండా పుట్టే సూచనలో ఉంటే దాన్ని వెనక్కి దాచుకోవడమే నయం.

ప్రభుత్వ ఉద్యోగినులకు ప్రసూతి సెలవు 180 రోజులు, అది సెలవు ఖాతాలో తగ్గదు. దానికి ముందు జబ్బుకు అర్ధ జీతపు సెలవును కమ్యూట్ చేయించుకోవచ్చు. పూర్తి జీతంతో ఒక రోజు తీసుకుంటే ఖాతాలో రెండు రోజులు పోతాయి.

ప్రసూతి సెలవు ఎప్పుడు మొదలుపెట్టాలి

26 వారాల్లో కాన్పుకు ముందు 8 వారాల వరకే వాడుకోవచ్చు. ఇప్పటికే ఇద్దరు బిడ్డలుంటే మొత్తం 12 వారాలు, ముందు 6. ఆగస్టు 20కి 8 వారాల ముందంటే జూన్ 25. అంతకుముందు వచ్చిన అనారోగ్యాన్ని ప్రసూతి సెలవులో వేయడానికి వీల్లేదు, అది జబ్బు సెలవే. ఎవరైనా "మేలోనే మెటర్నిటీ మొదలుపెట్టేద్దాం" అంటే ఒప్పుకోకండి.

జూన్ 25న మొదలుపెడితే 182 రోజులు డిసెంబర్ 23తో అయిపోతాయి. జూలై ఆఖరుదాకా జబ్బు సెలవులో ఉండి ఆగస్టు 1న మొదలుపెడితే 2027 జనవరి 29 దాకా వస్తాయి. బిడ్డతో ఉండే ఆ ఐదు వారాలు జబ్బు సెలవు సరిగ్గా వాడటం వల్ల వచ్చినవే. జబ్బు సెలవుకూ ప్రసూతి సెలవుకూ మధ్య ఒక్కరోజైనా డ్యూటీలో చేరాలని కొందరు పట్టుబడతారు. చట్టంలో అలాంటి నిబంధన లేదు. కాకపోతే జబ్బు చీటీ జూలై 31తో ముగిసి, ప్రసూతి నోటీసు ఆగస్టు 1తో మొదలవ్వాలి. తేదీలు ఒకదాని మీద ఒకటి పడితే ఒకే రోజుకు రెండు ప్రయోజనాలు అడిగినట్టవుతుంది, క్లెయిమ్ వెనక్కి వస్తుంది.

యజమానికి ఇచ్చే నోటీసులో సెలవు మొదలయ్యే తేదీ, ఆ కాలంలో మరెక్కడా పనిచేయనన్న మాట, డబ్బు అందుకోవాల్సిన నామినీ పేరు ఉండాలి. గర్భ ధ్రువీకరణ ఇస్తే కాన్పుకు ముందు కాలానికి డబ్బు ముందుగానే ఇవ్వాలి. మిగిలింది కాన్పు రుజువు ఇచ్చిన 48 గంటల్లో. నోటీసు ఆలస్యమైందన్న కారణంతో హక్కు పోదు. సెలవులో ఉండి మరో సంస్థలో పనిచేస్తే మాత్రం ఆ కాలానికి డబ్బు పోతుంది. కాన్పుకు ముందు గానీ తర్వాత గానీ యజమాని ఉచితంగా వైద్య సేవ అందించకపోతే 3,500 రూపాయల మెడికల్ బోనస్ కూడా రావాలి. దీన్ని అడిగేవాళ్లే తక్కువ.

ఎక్కడ తప్పుతుంది

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఈఎస్ఐ నెలవారీ నమోదు. జీతం ఇచ్చిన రోజులను యజమాని పోర్టల్‌లో నింపుతాడు. మీరు జబ్బు సెలవులో ఉన్న నెలలో సున్నా వేసి, కారణం దగ్గర "సెలవులో ఉన్నారు" అనడానికి బదులు "ఉద్యోగం మానేశారు" అని ఎంచుకుంటే మీరు ఈఎస్ఐ నుంచి బయటికెళ్లినట్టే కనిపిస్తుంది. నెలకోసారి మీ లాగిన్‌లో చందా వివరాలు తెరిచి చూసుకోండి. రోజులు తక్కువ పడితే ఆ నెల పే స్లిప్ జతచేసి వెంటనే మెయిల్ పెట్టండి. కాన్పయ్యాక దిద్దించడం చాలా కష్టం.

మౌఖికంగా చెప్పి ఇంట్లో ఉండిపోవడం రెండోది. చెప్పకుండా మానేశారని నోటీసు వస్తే చేతిలో ఒక్క కాగితమూ ఉండదు. ప్రతి చీటీని ఫొటో తీసి, మెయిల్‌లో పంపి, "అందింది" అన్న జవాబు దాచుకోండి. ప్రసూతి సెలవులో ఉన్నవాళ్లను తీసేయడం చట్టవిరుద్ధం. తీసేస్తే 60 రోజుల్లో అప్పీలు చేయాలి. ఈఎస్ఐ జబ్బు డబ్బు తీసుకుంటున్న కాలంలోనూ తీసేయకూడదు.

మూడోది కాన్పయ్యాక బయటపడుతుంది. మన ఉదాహరణలో 2026 ఏప్రిల్–సెప్టెంబర్ మధ్య చందా రోజులు 78కి చేరకపోతే 2027 జనవరి–జూన్ మధ్య మీకు జబ్బు ప్రయోజనం రాదు. పసిబిడ్డతో తిరిగి చేరిన కొత్తలోనే జ్వరాలూ నీరసాలూ ఎక్కువ. దాచుకున్న కంపెనీ సెలవులు అప్పుడు అక్కరకొస్తాయి.

ఏ దారిలోనూ అర్హత లేని కూలి పనివాళ్లకు, ఇళ్లలో పనిచేసేవాళ్లకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన ఉంది. మొదటి కాన్పుకు రెండు విడతల్లో 5,000, రెండోసారి ఆడపిల్ల పుడితే 6,000. మొదటి విడతకు గర్భం నమోదు, కనీసం ఒక పరీక్ష అవసరం కాబట్టి అంగన్‌వాడీ దగ్గర తొలి నెలల్లోనే పేరు రాయించాలి. ఈఎస్ఐ నుంచో యజమాని నుంచో ప్రసూతి జీతం తీసుకునేవాళ్లకు ఇది వర్తించదు.